జూర్ ద ఫెత్ (1949), సైకిలు పోస్టుమ్యాన్ సినిమా చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

రీలు_బాబాయ్
నిన్న రాత్రి నిద్ర పట్టక, ఎప్పట్నుంచో హార్డ్ డిస్కులో మూలుగుతున్న జూర్ ద ఫెత్ పెట్టుకున్నాను. పండగ రోజు అని అర్థం. 1949లో రిలీజైన ఫ్రెంచి కామెడీ, జాక్ తాతి డైరెక్ట్ చేసిన మొదటి ఫుల్ లెంగ్త్ సినిమా, మెయిన్ వేషం కూడా ఆయనదే. కథ రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఫ్రాన్స్ నడిమధ్యలో ఒక పల్లెటూరు, ఏడాదికోసారి తిరనాళ్ళు, ట్రాక్టరు వెనకాల రంగులరాట్నం గుర్రాలేసుకుని ఇద్దరు దిగుతారు, తిరనాళ్ళలో ఒక సినిమా డేరా కూడా. ఆ డేరాలో అమెరికా పోస్టల్ వాళ్ళ గొప్పలు చూపించే డాక్యుమెంటరీ వేస్తారు, హెలికాప్టర్లో టపా, మోటారు సైకిళ్ళ మీద సర్కస్ ఫీట్లు, అదీ ఇదీ. ఊళ్ళోవాళ్ళంతా తమ సైకిలు పోస్టుమ్యాన్ ఫ్రాన్సువాని పట్టుకుని నువ్వెప్పుడురా అలా చేసేది అని ఏడిపిస్తారు, ఆయనకి రోషం పుట్టి మర్నాడు అమెరికా స్టైల్లో బట్వాడా మొదలెడతాడు. అంతే సినిమా.

నేను పడీ పడీ నవ్విన చోటు మాత్రం అమెరికా గొడవకి సంబంధం లేనిది. రోడ్డు మీద దూరంగా ఫ్రాన్సువా సైకిల్ తొక్కుకుంటూ వస్తుంటాడు, ఉన్నట్టుండి చేతులు విసరడం మొదలెడతాడు, కందిరీగ వెంటపడింది. ఇటు మనకి దగ్గరగా గడ్డి కోసుకునే రైతు ఒకడు వీడికేం పుట్టిందిరా అన్నట్టు చూస్తుంటాడు. కాసేపటికి ఫ్రాన్సువా చల్లబడతాడు, ఇటు రైతు చేతులు విసరడం మొదలెడతాడు. తర్వాత రైతు ఆగుతాడు, అటు మళ్ళీ ఫ్రాన్సువాకి పూనకం. కెమెరా ఏం హడావుడి పడదు, కందిరీగని మనకి చూపించదు, జుయ్యిమనే చప్పుడొక్కటే వినిపిస్తుంది. ఇంత సింపుల్‌గా నవ్వించొచ్చా అనిపించింది.

నా డౌట్ ఏంటంటే, ఇది అమెరికాని వెక్కిరించే సినిమానా, లేక పోస్టుమ్యాన్‌నా? చదివిన ప్రతి చోటా అమెరికా మీద సెటైర్ అని ఒక్క ముక్కలో రాసేస్తున్నారు, నాకెందుకో అంత తేలిగ్గా మింగుడు పడలేదు.

కుంటాల_కిరణ్
బాబాయ్ నేను పోయినేడు చూసిన ఇది, మా దోస్తు రూంల ప్రొజెక్టర్ పెట్టి ఏసిండు. నిజం జెప్త తిట్టకుండ్రి, మొదటి నలభై నిమిషాలు ఏమైతుందో సమజ్ కాలే. ఒకడు గుంజ పాతుతడు, ఒకామె కిటికీల నుంచి చూస్తది, కోళ్ళు తిరుగుతయి, ఎవలో ఏదో గొణుగుతరు, సగం మాటలకు సబ్‌టైటిల్ గూడ రాలే. కందిరీగ కాడ నవ్విన, ఆఖర్ల పదిహేను నిమిషాలు మస్తుగుంది, సైకిల్ దానంతట అదే పోతాంటే ఎన్క ఉరుకుడు చూసి నీళ్ళొచ్చినయ్ కండ్ల. కానీ దాని కోసం గంటసేపు కూసోవాల్నా?

ప్యారిస్_పెసరట్టు
కిరణ్, సబ్‌టైటిల్ రాకపోవడం చేసినవాళ్ళ తప్పు కాదు. నేను పదకొండేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నా, ఆఫీసులో రోజంతా ఫ్రెంచిలోనే వాగుతా, నాకే ఫ్రాన్సువా మాటల్లో మూడో వంతు అర్థం కాలేదు. నా కొలీగ్ ఒకావిడని అడిగితే మాకూ కాదు అని నవ్వేసింది. మీసం కిందనుంచి గొణుగుడు, పల్లె యాస, సగం మింగేసిన మాటలు. షూటింగ్ అయ్యాక చప్పుళ్ళన్నీ తర్వాత కూర్చి పెట్టాడు తాతి, అందులో మనిషి మాట కూడా కోడి కూత లాగా, గంట మోత లాగా ఇంకో చప్పుడు, అంతే. మాట అర్థం కావాలని ఆయన అసలు అనుకోలేదు.

బాబాయ్‌గారి ప్రశ్నకి వస్తే, కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక ఉంటే చదవండి.

సినిమా వచ్చింది 1949 కానీ తీసింది 1947లో. ఊరి పేరు సాంత్-సెవేర్, ఆంద్ర్ అనే జిల్లాలో. యుద్ధం టైములో, 1943లో, జర్మన్ల గొడవకి పారిస్ వదిలేసి తాతి, ఆయన ఫ్రెండు ఆంరీ మార్కే ఆ పక్క పల్లెలో తలదాచుకున్నారు, ఇద్దరూ కలిసే తర్వాత ఈ కథ రాశారు. అంటే కొన్నాళ్ళు అన్నం పెట్టిన ఊరికే కెమెరా పట్టుకుని తిరిగొచ్చాడన్నమాట. తెర మీద కనిపించే జనంలో చాలామంది ఆ ఊరివాళ్ళే.

ఇప్పుడు 1947 ఫ్రాన్స్ ఎలా ఉందో ఊహించుకోండి. యుద్ధం అయిపోయి రెండేళ్ళైనా రేషన్ పోలేదు, ఆ ఏడాది ఒక దశలో రొట్టె రేషను మనిషికి రోజుకి 200 గ్రాములకి దించారు. సమ్మెలు. ఇంకోపక్క అమెరికా అప్పు. 1946 మే నెలలో వాషింగ్టన్‌లో బ్లుమ్-బర్న్స్ ఒప్పందం అని ఒకటి జరిగింది, ఫ్రాన్స్ తరఫున లియోఁ బ్లుమ్, అటు వాళ్ళ విదేశాంగ మంత్రి జేమ్స్ బర్న్స్. యుద్ధం అప్పులు మాఫీ, పైన కొత్త అప్పు. దానికి బదులుగా అడిగినవాటిలో ఒకటేంటో తెలుసా, సినిమా హాళ్ళు! ప్రతి మూడు నెలల్లో, అంటే పదమూడు వారాల్లో, నాలుగు వారాలు మాత్రం ఫ్రెంచి సినిమాలకి రిజర్వు, మిగతా తొమ్మిది వారాలు ఎవరి సినిమా అయినా వేసుకోవచ్చు. జర్మన్లు ఉన్నన్నాళ్ళూ అమెరికా సినిమాలు బంద్ కాబట్టి ఆ ఏళ్ళ సరుకంతా గుట్టలుగా పేరుకుని ఉంది, గేటు ఎత్తగానే వరద. 1948 జనవరిలో సినిమావాళ్ళు పారిస్ వీధుల్లో ఊరేగింపు తీశారు, జాఁ మారే, సిమోన్ సిన్యొరే లాంటి స్టార్లు కూడా నడిచారు. ఆ ఏడాది సెప్టెంబరులో నాలుగుని ఐదు వారాలు చేశారు.

అంటే డేరాలో అమెరికా రీలు ఆడుతుంటే ఊరంతా నోరు తెరుచుకుని చూసే సీను ఊరికే కథ కోసం పెట్టింది కాదు, ఆ ఏడాది ఫ్రాన్స్‌లో ప్రతి హాల్లోనూ అదే సీను.

రీలు_బాబాయ్
ఇది కదా నేను అడిగింది! డేరా అనగానే నాకు మా ఊరి టూరింగ్ టాకీసు గుర్తొచ్చింది. సినిమాకి ముందు ఫిలిమ్స్ డివిజన్ వాళ్ళ న్యూస్ రీల్ తప్పనిసరి, ఏదో ఆనకట్ట, ఏదో ఫ్యాక్టరీ, ఆ గంభీరమైన గొంతు. మా నాన్న ఆ టైముకి బీడీ కాల్చుకోడానికి బయటికి పోయేవాడు. ఫ్రాన్సువా కూడా బయటికి పోయుంటే సినిమానే లేదు.

బెజవాడ_బాలకోటి
మేడమ్ మీరు ఎంత చెప్పినా నాకు ఇది కడుపుమంట సినిమాలాగే ఉంది. అప్పులిచ్చింది వాళ్ళు, జర్మన్ల నుంచి విడిపించింది వాళ్ళు, సినిమాలో జీపేసుకుని తిరిగే మిలిటరీ పోలీసులు కూడా వాళ్ళే, తీరా చూస్తే వాళ్ళ స్పీడు మీద జోకులు. మనవాళ్ళు కూడా అంతే కదా, అమెరికా వీసా కావాలి, అమెరికాని తిట్టాలి.

ప్యారిస్_పెసరట్టు
హహ రెండోది కాదనలేను. కానీ కోటిగారూ, సినిమాలో జోకు ఎవరి మీద పడుతోందో ఒకసారి చూడండి. ఆ డేరాలో చూపించే రీలు నిజం అమెరికా పోస్టాఫీసులా ఉందా? కండలవీరుల ప్రదర్శన, స్టంట్లు, పోస్టుమ్యాన్‌కి ఇవన్నీ ఎందుకు? అది అమెరికా తన గురించి తాను కొట్టుకునే డప్పు, దాన్ని ఊరు నిజమని నమ్మింది. ఫ్రాన్సువాని ఏడిపించేది అమెరికావాడు కాదు, ఇంటి పక్కవాళ్ళే. ముందు రోజు ఆయనకి తాగించింది వాళ్ళే, రంగులరాట్నం సైకిలెక్కించి ట్రైనింగని ఆడుకున్నది కూడా ఆ రాట్నం వాళ్ళే. మనిషి అమాయకుడు, పొగిడితే గుంజ మోస్తాడు, రెచ్చగొడితే కాలవలో దూకుతాడు. నాకైతే ఆ పగలబడి నవ్వే మొహాలు చూస్తుంటే కాస్త చేదుగా అనిపించింది.

ఇంకోటి. ఫ్రాన్స్ సర్కారు 1949 నుంచి ఉత్పాదకత బృందాలని పేరు పెట్టి మేనేజర్లనీ కార్మికులనీ అమెరికా పంపించింది, పోయి వాళ్ళు ఎలా పని చేస్తారో చూసి రండి అని, ఖర్చు మార్షల్ ప్లాన్‌ది, అంటే యుద్ధం తర్వాత యూరప్‌కి అమెరికా ఇచ్చిన సాయం డబ్బుది. 1950 ఫిబ్రవరిలో కోకాకోలాని కట్టడి చేద్దామా అని ఇక్కడి పార్లమెంటులో బిల్లే పెట్టారు. తాతి రాసింది వీటన్నిటికీ ముందు. డేరా కంతలోంచి రీలు చూసి వచ్చి సైకిలెక్కిన ఫ్రాన్సువాని ఆ బృందాలకి మొదటి మెంబరుగా లెక్కేసుకోవచ్చు.

కుంటాల_కిరణ్
అక్కా గిది మంచిగ జెప్పినవ్. గా ఒంగిన ముసలామె ఉంటది జూడు మేకను పట్టుకొని, ఊరోళ్ళ ముచ్చట్లన్ని మనకు జెప్పుకుంట తిరుగుతది, లాస్టుల కాలువల వడ్డ ఫ్రాన్సువాను బండి మీద తీస్కొస్త ఆమె అంటది గదా, ఈ రోజుల్ల వచ్చే కబుర్లు అంత మంచియి గూడ కావు, తొందరేమున్నది అన్నట్టు. గా మాట నాకు యాదికున్నది. మా అవ్వ అచ్చం గట్లనే అనేది, టెలిగ్రామ్ అంటేనే ఏడ్సుడు మొదలువెట్టేది ఇప్పకముందే.

లక్కసీలు_తాతయ్య
నమస్కారమండి అందరికీ. నేను ఎక్కువ రాయను, చదువుతూంటాను. కానీ ఇది మా డిపార్టుమెంటు విషయం అయ్యింది గనక ఊరుకోలేకపోతున్నాను. నేను 36 ఏళ్ళు పోస్టల్‌లో చేశానండి, మొదట ఇ.డి. గా, అంటే డిపార్టుమెంటు బయటి పార్ట్‌టైము ఏజెంటుగా చేరి తర్వాత పోస్టుమ్యాన్. సైకిలు బీటే, అంటే ఇంటింటికీ బట్వాడా తిరగడమే, ఇరవై ఏళ్ళు. మా అబ్బాయి చేత ఈ సినిమా పెట్టించుకుని నిన్న చూశాను.

ఆ లారీ సీను గురించి ఎవరూ రాయలేదేంటండి? లారీ వెళ్తూంటే దాని వెనక తలుపు పట్టుకుని, తలుపు చెక్కనే బల్లగా చేసుకుని, సైకిలు మీదే కూర్చుని ఉత్తరాలకి టకటకా ముద్రలు కొడతాడు. నేను రెండుసార్లు వెనక్కి తిప్పించుకుని చూశాను. మా దగ్గరైతే ముద్ర కొట్టడం ఆఫీసులోనే అయిపోతుంది, బీటులో ఆ పని లేదు, అది వేరే సంగతి. కానీ ఆ చెయ్యి కదిలిన తీరు ఉంది చూడండి, ముద్ర, ఇంకు ప్యాడ్, ముద్ర, ఇంకు ప్యాడ్, ఆ తాళం మాత్రం అబద్ధం కాదు. ఎవర్నో బాగా గమనించాడాయన.

ఇంకో మాట. మొదటి సగంలో ఏమీ జరగలేదని ఆ బాబు అన్నారు. బాబూ, బీటు అంటే అదే. ఆయన ఎక్కడెక్కడ దిగాడో లెక్కపెట్టండి. ఒక చోట గుంజ ఎత్తడానికి సాయం, ఒక చోట గ్లాసు, ఒక చోట పొలం మధ్యలో కబురు. మాకూ అంతే. మనీయార్డరు తీసుకున్న ముసలమ్మ మజ్జిగ ఇవ్వకుండా పంపదు, ఉత్తరం ఇచ్చాక చదివి పెట్టాలి, చదివాక జవాబు రాసి పెట్టాలి. సైకిలు ఎంత జోరుగా తొక్కితే ఏం లాభం అండి, ఆలస్యం ఉండేది రోడ్డు మీద కాదు, గుమ్మం దగ్గర. అమెరికా స్టైలులో ఆయన మిగుల్చుకున్నది గుమ్మం దగ్గర టైమే. ఉత్తరం గడ్డి ఎత్తే పంగలకర్రకి గుచ్చేసి పోవడం, గుర్రం తోక కింద పెట్టి పోవడం, మాంసం కొట్టువాడి మొద్దు మీద పార్శిలు పడేసి పోవడం. ఆ మాంసం కొట్టువాడు చూసుకోకుండా కత్తితో ఒక్కటేస్తే లోపల ఉన్న బూట్లు తెగిపోతాయి. ఇన్సూర్డ్ పార్శిలై ఉంటే ఫ్రాన్సువా గారి పని ఏమయ్యేదో తలుచుకుంటేనే నాకు చెమటలు పట్టాయి.

రీలు_బాబాయ్
తాతయ్యగారూ దండాలు. మీరు తరచు రాయాలండి.

యానాం_చినబాబు
ఆయ్, ఫ్రెంచి సినిమా అన్నారు కదా మేము రాకుండా ఎలా. మా ఊరు యానాం. ఈ సినిమాలో గుంజ ఎత్తి మూడు రంగుల జెండా కట్టి, బ్యాండు మేళం, రంగు కాయితాలు, ఇదంతా చూస్తే జూలై 14 పండగే కదండి? మా ముత్తాత గారు ఫ్రెంచి టైములో ఉద్యోగం చేశారు, మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ కతోర్జ్ జుయ్యే కబుర్లు వింటూ పెరిగాం. అదే అనుకుంటున్నాను.

ప్యారిస్_పెసరట్టు
చినబాబుగారూ, కాదండి, ఇది ఆ ఊరి సొంత తిరనాళ్ళు. ఇక్కడ ప్రతి ఊరికీ ఏడాదికి ఒకసారి సొంత పండగ ఉంటుంది, తిరుగుతూ బతికే రాట్నం వాళ్ళు ఒక ఊరు అయ్యాక ఇంకో ఊరికి పోతారు, వాళ్ళని ఫొరాఁ అంటారు. మన జాతరకి అంగళ్ళవాళ్ళు వస్తారు చూడండి, అలా. జూలై 14 సర్కారు పండగ, ఇది ఊరి పండగ. జెండా మాత్రం రెండింటికీ కడతారు, మీరు పొరపడటంలో తప్పులేదు.

యానాం_చినబాబు
ఓహో. అయితే మా ముత్తాత పెట్టె తెరిచి మరీ వచ్చాను ఇంకో సంగతి చెప్దామని. ఈ సినిమా పారిస్‌లో రిలీజైన 1949 మే నాటికి మేమింకా ఫ్రెంచోళ్ళ చేతిలోనే ఉన్నామండి. ఆ తర్వాత నెలలోనే, జూన్ 19న, బెంగాల్లో ఫ్రెంచోళ్ళ చేతిలో ఉన్న చంద్రనగర్ వాళ్ళు ఓటేసి ఇండియాలో కలుస్తామన్నారు. మాది 1954 నవంబరు 1 దాకా సాగింది. పెట్టెలో ఫ్రెంచి ఇండియా స్టాంపులు ఉన్నాయి, వాటి మీద ధర ఫ్రాంకుల్లో కాదు, ఫనాలు, కాష్‌లు. అంటే మన పణం, కాసు, వాళ్ళ నోట్లో పడి అలా తయారయ్యాయి. 24 కాసులైతే ఒక పణం, 8 పణాలైతే రూపాయి. తాతయ్యగారికి చూపిస్తే సంతోషిస్తారని.

లక్కసీలు_తాతయ్య
బాబూ, వాటిని చేత్తో ముట్టుకోకండి, పట్టకారుతో తీయండి. జిగురు వైపు చెమ్మ తగలనివ్వకండి. ఫొటో తీసి తప్పక పెట్టండి.

నెగటివ్_నాగు
అందరూ సినిమా కథ గురించి మాట్లాడుతున్నారు, అసలు కథ ఆ నెగటివ్‌దండి. నేను మద్రాసులో కలర్ ల్యాబులో పాతికేళ్ళు పనిచేశాను కాబట్టి ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు రెండ్రోజులు నిద్ర పట్టలేదు.

1947లో ఈ సినిమాని కలర్లో తీశారు. అవును, కలరే. థామ్సన్‌కలర్ అని ఒక ఫ్రెంచి కంపెనీ కొత్త పద్ధతి. అది ఎలా పనిచేస్తుందో తేలిగ్గా చెప్తా. తిరపతి కొండ మీద అమ్మే బొమ్మ చూశారా, అటు వంచితే వెంకటేశ్వరస్వామి, ఇటు వంచితే అమ్మవారు? దాని పైన గరగరలాడే సన్న గీతలుంటాయి, ప్రతి గీతా ఒక బుల్లి కటకం. ఇక్కడ ఫిల్ము మీదే అలాంటి గీతలు అచ్చు గుద్ది ఉంటాయి, ఇంకా ఎన్నో రెట్లు సన్నగా. లెన్సు ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు పట్టీల ఫిల్టరు. ఆ బుల్లి కటకాలు ఏ రంగు వెలుగుని ఆ సందులోకి పంపిస్తాయి. ఫిల్ము మీద పడేది మాత్రం నలుపు తెలుపే, రంగు అనేది ఏ సందులో ఎంత వెలుగు పడింది అనే లెక్కలో దాక్కుని ఉంటుంది. మళ్ళీ అదే లెక్కలో వెలుగు పంపితే రంగు బయటికొస్తుంది. చదవడానికి బాగుంది కదా? చిక్కెక్కడ వచ్చిందంటే ప్రింటు తీయడం దగ్గర. హాళ్ళకి పంపాలంటే కాపీలు కావాలి, ఆ కంపెనీ కాపీ తీయలేకపోయింది. సినిమా అంతా డబ్బాలో ఉంది, చూడటానికి దారి లేదు.

అదృష్టం ఏంటంటే పక్కనే ఇంకో కెమెరా పెట్టి మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద కూడా తీసుకున్నారు, జాగ్రత్తకి. 1949లో జనం చూసింది ఆ స్పేర్ కాపీ. అదీ వెంటనే రాలేదు, కొనేవాళ్ళు లేక చాన్నాళ్ళు మూలన పడింది. రిలీజయ్యాక అదే ఏడాది వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో స్క్రీన్‌ప్లేకి ప్రైజు కొట్టింది, అది వేరే విషయం.

తాతికి మాత్రం రంగుల బాధ పోలేదు. 1964లో మళ్ళీ రిలీజు చేసినప్పుడు ఊళ్ళో బొమ్మలు వేసుకోడానికి వచ్చిన కుర్ర పెయింటర్ అని కొత్త పాత్రని షూట్ చేసి అతికించి, ఆ వంకతో అక్కడక్కడ జెండాకీ దానికీ దీనికీ చేత్తో రంగులు అద్దించాడు. 1982లో ఆయన పోయారు. ఆ తర్వాత కూతురు సోఫీ తాతిషెఫ్, ఫ్రాన్సువా ఎద్ అనే కెమెరామన్ కలిసి ఆ పాత డబ్బాలు బయటికి తీసి, గీతల్లో దాక్కున్న రంగుని రాబట్టి 1995లో కలర్ సినిమా రిలీజ్ చేశారు. తీసిన 48 ఏళ్ళకి!

బెజవాడ_బాలకోటి
ఒక్క నిమిషం. అమెరికా మిషన్ల మోజు మీద సినిమా తీసినాయన, ఫ్రెంచి మిషన్ని నమ్ముకుని మునిగిపోయాడా? ఇది సినిమా కంటే పెద్ద జోకు కదా 😂 అమెరికావాళ్ళ కలర్ పద్ధతి టెక్నికలర్ వాడుంటే ఏ గొడవా లేకపోను.

నెగటివ్_నాగు
టెక్నికలర్ కెమెరా అద్దెకే ఈయన బడ్జెట్ చాలేది కాదు కోటిగారూ. కానీ మీ పాయింటు కరెక్టే, నేనూ అదే అనుకుని నవ్వుకున్నా.

ఇంకో ముక్క మర్చిపోయా. ఊళ్ళో చాలా ఇళ్ళ తలుపులకి బూడిద రంగు వేయించాడట, జనానికి ముదురు రంగు బట్టలు. ఎందుకంటే రాట్నం వాళ్ళు వచ్చినప్పుడే ఊళ్ళోకి రంగు రావాలి, వాళ్ళు పోగానే పోవాలి. ఇప్పుడు ఆలోచించండి, బ్లాక్ అండ్ వైట్‌లో చూసినవాళ్ళకి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? అంతా బూడిదే కదా. కిరణ్‌కి మొదటి నలభై నిమిషాలు ఏమీ జరగలేదనిపించడానికి అది కూడా ఒక కారణం, జరగాల్సింది రంగు, ఆ రంగు డబ్బాలో ఉండిపోయింది.

కుంటాల_కిరణ్
అరె!! నేను చూసింది బ్లాక్ అండ్ వైటే.

గోదారి_శాంత
నాకు మాయాబజార్ గుర్తొచ్చింది. 2010లో కలర్ చేసి వదిలినప్పుడు మా ఇంట్లో రెండు పార్టీలు, అమ్మ చాలా బాగుంది అని, నాన్న కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే తీసిన వెన్నెలని పాడుచేశారు అని. ఇది కూడా అలాంటిదేనా?

నెగటివ్_నాగు
కాదమ్మా, ఇక్కడే తేడా. మాయాబజార్ 1957లో నలుపు తెలుపులో తీసింది, కలర్ అనేది తర్వాత కంప్యూటర్లో కూర్చుని పలానా చీర పలానా రంగు ఉండి ఉంటుందని వేసింది. బాగా వేశారు, కాదనను, కానీ వేసింది. జూర్ ద ఫెత్‌లో ఆ రంగు 1947లో ఆ ఎండలో ఆ గుర్రం బొమ్మ మీద నిజంగా ఉన్న రంగు. ఒకటి రంగు వేయడం, ఇంకోటి రంగు తవ్వి తీయడం. అందుకే 1995 ప్రింటు చూస్తే అంత జిగేలుమనదు, పాత పెళ్ళి ఆల్బమ్‌లాగా కాస్త పాలిపోయి, అంచుల్లో మసక మసకగా ఉంటుంది. కొంతమంది ఇదేం కలరండీ అంటారు. నాకైతే ఒళ్ళు జలదరించింది.

రీలు_బాబాయ్
నేను ఒప్పుకోను నాగుగారూ, గౌరవంగానే. 1949లో హాల్లో కూర్చుని నవ్విన జనం నవ్వింది ఆ బ్లాక్ అండ్ వైట్‌కే కదా. కందిరీగ సీన్లో దూరం మనిషి, దగ్గర మనిషి ఇద్దరూ నలుపు తెలుపులో కత్తిరించి పెట్టినట్టు స్పష్టంగా కనిపిస్తారు, కలర్లో గడ్డి మనిషిని మింగేస్తుంది. నిన్న నేను చూసింది బ్లాక్ అండ్ వైట్, ఇవాళ కలర్ కూడా చూసే చెప్తున్నా. నా ఓటు పాతదానికే. 1964ది మాత్రం ఎవరూ మొదటిసారికి పెట్టుకోకండి, ఆ పెయింటరు కుర్రాడు అన్నంలో రాయి.

ప్యారిస్_పెసరట్టు
1964 మీద మాత్రం అందరికీ ఏకాభిప్రాయం వచ్చేలా ఉంది.

గోదారి_శాంత
తాతి ముందేం చేసేవాడు? ఆ పొడుగు, ఆ కాళ్ళు, సైకిల్ మీద ఒంగడం చూస్తే సర్కస్ మనిషిలా ఉన్నాడు.

రీలు_బాబాయ్
దగ్గరగానే ఉన్నారు. వాళ్ళింటి వ్యాపారం పటాలకి ఫ్రేములు కట్టడం, అందులోనే పెట్టారు మొదట. రగ్బీ ఆడేవాడు, మ్యాచ్ అయ్యాక టీమ్ వాళ్ళ ముందు అందర్నీ అనుకరించి చూపించేవాడు. అదే మ్యూజిక్ హాల్ ఐటమ్ అయింది, మాటల్లేకుండా టెన్నిస్ ఆటగాడు, గోల్ కీపరు, బాక్సరు. గుర్రం స్వారీ ఐటమ్‌లో గుర్రమూ తనే, రౌతూ తనే. రచయిత్రి కొలెత్ 1936లో అది చూసి పేపర్లో తెగ మెచ్చుకుంటూ రాసింది. ఇప్పుడు సైకిల్ రేసు సీను మళ్ళీ చూడండి, రేసు వాళ్ళు వంగి చెమటోడ్చి తొక్కుతుంటే ఈయన టోపీ, టపా సంచి, నిటారుగా నడుం పెట్టి వాళ్ళని దాటుకుని పోతాడు. నాకు అందులో సైకిలూ ఆయనే అనిపిస్తుంది.

కుంటాల_కిరణ్
అయితే ఇనుండ్రి. మీరందరు గింత చెప్పినంక కలర్ ప్రింట్ దొరకవట్టి నిన్న మళ్ళ చూసిన. నా మాట నేను మొత్తం వాపస్ తీసుకుంటలేను, ఇంకా స్లోనే ఉంది, రాత్రి తాగినంక కంచెకు అవతల సైకిల్ పెట్టి ఇవతల నుంచి ఎక్కుడు అది మస్తు సాగదీసిండు. కానీ ఈసారి ఒకటి కండ్లవడ్డది. షురూల ట్రాక్టర్ మీద చెక్క గుర్రాలు పోతుంటయి, పక్క పొలంల నిజం గుర్రాలు తలకాయలెత్తి వాటిని చూసి ఉరుకుతయి. పోయినసారి ఫోన్ చూసుకుంట మిస్ కొట్టిన.

ఇంగ మెల్లకన్నాయన మేకు కొట్టుడు! ఆయనకు చూపు పక్కకుంటది గదా, ఎంత కొట్టినా సమ్మెట పక్కకే వడుతది. ఫ్రాన్సువా జర సేపు ఆలోచించి పక్కకు ఇంకో మేకు వెడతడు, ఆయన దాన్ని చూసి కొడితే దెబ్బ సక్కగ అసలు మేకు మీద వడుతది. మెల్లకన్నును సక్కజేయలే, మేకునే జరిపిండు. గిది నేను రెండుసార్లు ఎన్కకు తిప్పిన.

బెజవాడ_బాలకోటి
సరే నేను కూడా చూస్తా ఇక. ఎన్ని నిమిషాలు?

ప్యారిస్_పెసరట్టు
గంటన్నర లోపే. ఫోన్ పక్క గదిలో పెట్టి చూడండి.

లక్కసీలు_తాతయ్య
నేను ఆఖరి సీను గురించి ఒకటి అడగాలనుకుంటున్నానండి. కాలవలో పడి లేచాక ఆయన పొలంలో జనంతో కలిసి గడ్డి ఎత్తడానికి దిగిపోతాడు. టోపీ, సంచి ఒక పిల్లాడికిచ్చేస్తాడు, ఆ పిల్లాడే మిగతా ఉత్తరాలు పంచడానికి పోతాడు. అందరూ ముచ్చటపడుతున్నారు. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. టపా సంచి బయటివాళ్ళ చేతికిస్తే మా దగ్గర సస్పెన్షన్ ఆర్డరు మర్నాడు పొద్దున్నే వచ్చేది, సంచిలో రిజిస్టర్డ్ ఉత్తరాలు ఉంటే ఇంక్రిమెంటు కూడా పోయేది.

యానాం_చినబాబు
తాతయ్యగారూ నిజం చెప్పండి, మీరెప్పుడూ ఇవ్వలేదా?

లక్కసీలు_తాతయ్య
వానాకాలంలో కాలవ అవతల నాలుగు ఇళ్ళుండేవి. అక్కడి స్కూలు పిల్లాడు రోజూ ఈదుకుంటూ ఇటు వచ్చేవాడు. ఆర్డినరీ ఉత్తరాలే ఇచ్చానండి, రిజిస్టర్లు ఎప్పుడూ ఇవ్వలేదు. వాడు కార్డులు తలపాగాలో పెట్టుకుని పోయేవాడు, ఒక్కటి కూడా తడవలేదు.